డాబాపై గాలిమర: పెట్టేముందు గాలి చూసుకోవాలి

నగర భవనాలపై కరెంటు కోసం చిన్న గాలిమరలు పెడుతుంటారు. గాలి వేగం సగానికి తగ్గితే అందులోని శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చుట్టూ ఎత్తయిన మేడలుంటే గాలి సుడులు తిరుగుతుంది, మర నిలకడగా తిరగదు. దాని అదురు గోడల్లోకి దిగుతుంది.

లండన్‌లో 2010లో పూర్తయిన స్ట్రాటా టవర్‌పై 9 మీటర్ల మరలు మూడు ఉన్నాయి. భవనానికి కావాల్సిన కరెంటులో 8 శాతం ఇస్తాయనుకుంటే, అవి తిరగడమే అరుదైంది.

బహ్రెయిన్ వెళ్లినవాళ్లు మనామాలో చూసే వరల్డ్ ట్రేడ్ సెంటర్ (2008) సంగతి వేరు. అక్కడివి 29 మీటర్ల పెద్ద మరలు. తెరచాపల్లాంటి జంట టవర్లు సముద్రపు గాలిని వాటివైపు మళ్లిస్తాయి.

డాబాపై మర కొనేముందు అక్కడి గాలి వేగం కొలిపించుకోవాలి. చాలకపోతే ఆ డబ్బు సోలార్ ప్యానెళ్లకు పెట్టడమే మేలు.