రెండు తుపాకుల లెక్క

హైదరాబాద్ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల భవనం సైబర్ టవర్స్ తెరుచుకున్నది 1998లో. దానికి సరిగ్గా 200 ఏళ్ల ముందు, 1798లో, నిజాం కొలువులో ఫిరంగులు పోత పోయించిన ఫ్రెంచి సేనాని రేమండ్ కన్నుమూశాడు. ఆ ఏడాదే ఇంగ్లీషువాళ్లు అతని పటాలం చేత ఆయుధాలు కింద పెట్టించారు. అతని ఫిరంగుల కార్ఖానా పేరు మాత్రం పోలేదు: బోర్డుల మీద గన్‌ఫౌండ్రీ, పాతబస్తీ నోట తోప్ కా సాంచా.

ఫిరంగులు పోయించిన రేమండ్ మాత్రం కోల్ట్ రివాల్వర్‌ని చూడనే లేదు. శామ్యూల్ కోల్ట్‌కి అమెరికాలో పేటెంటు దక్కిందే 1836లో. మన దగ్గర రివాల్వర్ అంటే చాలాకాలం దొరల నడుముకి వేలాడిన వెబ్లీయే. 1887లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న మొదటి రకం నుంచి 1915 నాటి ఆరో రకం దాకా అన్నీ .455 తూటావే. నడిమికి వంచి తెరిస్తే ఆరు ఖాళీ తొడుగులూ ఒక్కసారే బయటికొస్తాయి. పాత తుపాకుల సేకరణ పిచ్చి ఉన్నవాడి చూపు ముందు పడేది దీని మీదే.

పడితే ఏం లాభం? .455 మన చట్టంలో నిషిద్ధ బోరు. వెబ్లీ వెనకే వచ్చిన ఎన్‌ఫీల్డ్‌ది .380, అదీ అంతే. సైన్యం తూటాలు జనం చేతికి పోకూడదన్నది లెక్క. మామూలు లైసెన్సుకి చిక్కేది ముఖ్యంగా .32.

అదైనా ఎన్ని? మనిషికి 3 తుపాకుల దాకా ఉండేవి, ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణతో 2 అయ్యాయి. తాతగారు వదిలి వెళ్లినదీ ఆ రెండింట్లోనే. రెండు తుపాకులతో సేకరణేమిటి, పెళ్లి ఫోటో పక్కన వేలాడదీసుకోవడానికి తప్ప!

ధర సంగతీ చూడాలి. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం 2014లో తెచ్చిన .32 రివాల్వర్ నిర్భీక్ అప్పట్లోనే లక్షా 22 వేల రూపాయల పైచిలుకు. పాత విదేశీ .32లకైతే 1980ల నుంచి దిగుమతి దారి మూసుకుపోయింది. దేశంలో ఉన్నవే చేతులు మారాలి, బేరం అమ్మేవాడిది.

అందుకే సేకరణ సరదా ఉన్న సైబర్ టవర్స్ సాఫ్ట్‌వేర్ జీతగాడికి ఈ రచయిత సలహా ఒక్కటే: ప్రాణం పోయిన రివాల్వర్. బాగుచేసినా పేలని పాతకాలపు ఆయుధాన్ని 1959 ఆయుధ చట్టం 45వ సెక్షను మినహాయించింది. తుప్పు పట్టిందంటే సరిపోదు, ఇక పేలదని తేలాలి. కొనే ముందు పోలీసుల దగ్గర రాతపూర్వకంగా తేల్చుకోండి. అంతకన్నా ముందు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూసి రండి. శుక్రవారం సెలవు.