పట్టాల యెడము
ఐర్లండు రైళ్ళ నమూనాలు చేయువారిలో నొక వాదము కలదు. 1846వ సంవత్సరపు చట్టము అచ్చటి పట్టాల యెడమును 5 అడుగుల 3 అంగుళములుగా నిర్ణయించినది. అడుగునకు 4 మిల్లీమీటర్ల లెక్కను నమూనాలో అది 21 మిల్లీమీటర్లు కావలెను. అంగడిలో సులభముగా దొరకు పట్టాల యెడము 16.5 మాత్రమే. కొందరు వానితో తృప్తిపడుదురు; కొందరు శ్రమపడి తామే పట్టాలు కూర్చుకొందురు.

ఇది పిల్లలాట కాదు. మన యీపూరునకు చేరువనున్న శావల్యాపురము మీదుగా పోవు గుంటూరు–గుంతకల్లు మార్గము మొదట మీటరు గేజిది. 1876–78 నాటి ఘోరక్షామము పిమ్మట, కరవుసీమలకు ధాన్యము చేర్చుటకై తలపెట్టిన మార్గములలో నిదియొకటి. సన్నని పట్టాలకు వ్యయము తక్కువ. కాని బెజవాడలో పెద్ద పట్టాల బండి యెదురైనచోట సరకును దించి మరల నెక్కింపవలసి వచ్చెడిది. ఆ భారము కూలీల మూపులపై పడెను.

1990ల దశకములో ఈ మార్గము బ్రాడ్ గేజిగా మారినది. పాత బండి నమూనాకు 13 మిల్లీమీటర్ల యెడము కావలెను. దానిని 16.5 పట్టాలపై నిలిపినను ముద్దుగనే యుండును. కాని ఆ కరవును, ఆ కూలివాని బరువును అది చెప్పజాలదు. కావున శ్రమపడువారి పక్షమే నా పక్షము.