ఒమాన్‌లో ఉండి ఊళ్లో ఇల్లు కట్టిస్తున్నారా? పునాదికి ముందు మట్టి సంగతి తేల్చుకోండి

సొహార్‌లోనో దుక్మ్‌లోనో సైట్ మీద పనిచేసేవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. పునాది కింద నేలను పొరలు పొరలుగా పరిచి, నీళ్లు కొట్టి, రోలర్ తిప్పుతారు. ల్యాబ్ మనిషి వచ్చి చిన్న గుంత తీసి, అందులో ఇసుక పోసి తూకం చూస్తాడు. ఆయన సరే అంటేనే పై పొర. సముద్రం పక్కన సబ్ఖా నేలల్లో ఉప్పు ఎక్కువ కాబట్టి, చాలాచోట్ల సల్ఫేట్‌ను తట్టుకునే సిమెంట్ వాడి, పునాదికి తారు పూస్తారు. కంపెనీ బిల్డింగ్‌కు ఇంత జాగ్రత్త. మన ఇంటికి వచ్చేసరికి తమ్ముడు ఫోన్ చేసి "మేస్త్రీ నాలుగడుగులు తవ్విండు, గట్టి తగిలింది, పైసలు పంపు" అంటాడు. మనం పంపేస్తాం.

ఆ "గట్టి" అన్న మాట దగ్గరే ఆగండి. ముహూర్తాలు ఎక్కువగా ఎండాకాలంలో పడతాయి. మే నెలలో నల్లరేగడి రాయిలా ఉంటుంది, గడ్డపార కూడా దిగదు. అదే నేల వానాకాలంలో నీళ్లు తాగి ఉబ్బుతుంది, మళ్లీ ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఏటా ఇదే వరస. పునాదిని ఒకసారి పైకి నెడుతుంది, ఒకసారి కిందికి వదిలేస్తుంది. బరువైన అపార్ట్‌మెంట్ ఆ నెట్టుడును కొంత ఓర్చుకుంటుంది. మనం కట్టుకునే ఒక్క అంతస్తు ఇల్లు తేలిక కాబట్టి దానికే దెబ్బ ఎక్కువ. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి, తలుపులు పట్టేస్తాయి. తర్వాత ఎంత సిమెంట్ పూసినా వచ్చే ఏడాది అదే చోట మళ్లీ విచ్చుకుంటుంది.

డబ్బు పంపే ముందు ఇంటివాళ్లతో కొన్ని పనులు చేయించండి. ముందుగా, చుట్టుపక్కల అయిదారేళ్ల కిందట కట్టిన ఇళ్లు చూసి రమ్మనండి. ప్రహరీ ఒరిగిందా, గోడల్లో ఏటవాలు పగుళ్లున్నాయా? ఆ ఇంటివాళ్లను పునాది ఎంత లోతు తీశారో అడిగితే దాచకుండా చెబుతారు. తర్వాత ఊరి పెద్దవాళ్లను అడగండి: మన ప్లాటు ఒకప్పుడు కుంటా, చెరువు శిఖమా, పూడ్చిన బావా, మొరం తవ్విన గుంతా? మట్టి పోసి చదును చేసిన వెంచర్లలో పైన ఎర్రమొరం కనబడుతుంది, కింద ఏముందో కనబడదు. అలాంటి చోట ఒక పిల్లర్ పాత నేల మీద, ఇంకోటి పోసిన మట్టి మీద నిలబడితే, రెండోది కుంగుతుంది. అందుకే ఒక్క మూల కాదు, కనీసం రెండు మూడు చోట్ల గుంత తీసి చూడాలి.

రేగడి అనుమానం ఉంటే ఇంట్లో చేసే పరీక్ష ఒకటుంది. అయిదడుగుల లోతు మట్టిని ఆరబెట్టి, మెత్తగా దంచి, జల్లెడ పట్టాలి. రెండు ఒకేలాంటి గాజు గ్లాసుల్లో సమానంగా కొంచెం కొంచెం వేసి, ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి కలిపి, ఒక రోజు కదపకుండా ఉంచాలి. (కిరోసిన్ దొరకడమే ఇప్పుడు కష్టం, అది వేరే సంగతి.) కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్ల గ్లాసులో మట్టి ఎత్తు బాగా పెరిగిందంటే అది ఉబ్బే నేల. ల్యాబ్‌లో ఇదే పనిని 10 గ్రాముల మట్టితో, కొలత గీతలున్న గొట్టాల్లో చేస్తారు. కిరోసిన్‌లో 10 గీతల దగ్గర ఆగిన మట్టి నీళ్లలో 15 దాకా వస్తే ఉబ్బు 50 శాతం. అంతకు మించితే ఇంజనీరును అడగకుండా ఒక్క బస్తా సిమెంట్ కూడా కొనవద్దు.

గ్లాసు పరీక్ష అనుమానం తీర్చడానికే. పునాది డిజైన్‌కు ల్యాబ్ రిపోర్టు కావాలి. సివిల్ ఇంజనీరింగ్ కాలేజీల్లో సాయిల్ ల్యాబ్‌లు ఉంటాయి, చాలాచోట్ల ఫీజు తీసుకుని బయటి మట్టిని కూడా పరీక్షిస్తారు. ఒక పొరపాటు మాత్రం చేయొద్దు. వ్యవసాయ శాఖ ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డు పంటకు ఎరువు ఎంత వేయాలో చెప్పేది, పునాదికి పనికిరాదు.

రిపోర్టులో మూడు సంగతులు అడగండి: ఎంత లోతులో నేల ఎంత బరువు మోస్తుంది, మట్టి ఉబ్బుతుందా, నీళ్లు ఎంత లోతులో ఉన్నాయి. కోనసీమ వైపు ఈ మూడోదే పెద్ద సమస్య, కొద్దిగా తవ్వగానే ఊట వస్తుంది. ఆ నీళ్లు తోడకుండా కాంక్రీట్ వేయనివ్వకండి. లోతైన రేగడిలో అయితే ఇంజనీర్లు తరచూ అండర్-రీమ్డ్ పైల్స్ చెబుతారు. అంటే సుమారు మూడున్నర మీటర్లు, ఒక్కోసారి ఇంకా లోతుకు బోరు వేసి, అడుగున గుమ్మటంలా వెడల్పు చేసి కాంక్రీట్ నింపడం. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మన నల్ల నేలల కోసం అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. రేగడి లోతు తక్కువైతే దాన్ని పూర్తిగా తీసేసి, మొరం పొరలుగా వేసి దిమ్మిస తొక్కించమనవచ్చు. ఏది మన ప్లాటుకు సరిపోతుందో రిపోర్టు చూసిన ఇంజనీరే తేల్చాలి, మేస్త్రీ కాదు.

ఎండాకాలం మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా ఇక్కడ బయటి పని ఆపే వేళలో ఊళ్లో రెండు గంటలు దాటి ఉంటుంది, గుంతల దగ్గర మనుషులుంటారు. వీడియో కాల్ చేసి, ప్రతి గుంతలో టేపు దింపి లోతు చూపించమనండి. అడుగున మట్టి రంగు మారిందేమో చూసుకుని, ఆ తర్వాతే కంకర వేయమని చెప్పండి.