లాభం, లోకహితం: నాగేశ్వరరావు పంతులు వ్యాపార దృష్టి

వర్తకుని పురికొల్పేది లాభాపేక్షయా, లోకహితమా అన్న ప్రశ్న పాతదే. ఈ రెండూ ఒక ఒరలో ఇమడని కత్తులని భావించడం పరిపాటి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు (1867–1938) జీవితం ఈ భావనను పునఃపరిశీలింపజేస్తుంది.

కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించిన పంతులు మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, ఉద్యోగరీత్యా కలకత్తాకు, అనంతరం బొంబాయికి చేరారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. సంగీత సభలలో దానిని ఉచితంగా పంచి ప్రజలకు పరిచయం చేశారు. అది దానం కాదు. విపణిని ఎరిగిన వర్తకుని నేర్పు. ఆ నేర్పును అంగీకరించినందువల్ల ఆయన గౌరవానికి లోటు రాదు.

1907 సూరత్ కాంగ్రెస్ మహాసభ ఆయనలో తెలుగు పత్రిక ఆవశ్యకతను మేల్కొల్పింది. 1908లో బొంబాయి నుండి ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికగా వెలువడింది. 1914లో మద్రాసులో దినపత్రికగా రూపొందింది. 1924లో ‘భారతి’ మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల అవతరించాయి. అక్షరాస్యత స్వల్పమైన ఆ రోజులలో ఇవి లాభం ఆశించి చేపట్టదగిన పనులు కావు. వీటికి అమృతాంజనం ఆదాయమే అండగా నిలిచింది.

ఇక్కడ గమనింపదగిన చారిత్రక పరిణామం ఒకటుంది. పూర్వం సాహిత్యానికి రాజులు, జమీందారులు పోషకులు. కృతిభర్త అనుగ్రహమే కవికి జీవిక. పంతులు ఏర్పరచిన వ్యవస్థలో తలనొప్పికి అంజనం కొనుక్కున్న అజ్ఞాత గృహస్థే పరోక్షంగా భాషాపోషకుడైనాడు. కృతిని అంకితం పొందాలన్న కోరిక ఆ పోషకునికి లేదు. తన పోషణ సంగతి అతనికే తెలియదు. అందుచేత ప్రభువుల ముఖం చూడవలసిన అగత్యం పత్రికకు తగ్గింది. స్వాతంత్ర్యోద్యమ కాలంలో ఈ ఆర్థిక స్వేచ్ఛ విలువ సామాన్యమైనది కాదు. ఉప్పు సత్యాగ్రహంలో కారాగారానికి వెళ్ళిన పంతులును ప్రజలు ‘దేశోద్ధారక’, ‘విశ్వదాత’ అని పిలుచుకున్నారు.

అయితే ఈ కథకు ఉత్తరభాగం కూడా ఉంది. ‘ఆంధ్రపత్రిక’ ప్రచురణ 1991లో నిలిచిపోయింది. అమృతాంజనం నేటికీ అంగళ్ళలో లభిస్తున్నది. ఆశయం లేకున్నా లాభం మనగలదు. లాభం అండ లేని ఆశయం చిరకాలం నిలవడం కష్టం. కనుక ప్రశ్నను మార్చి అడగడం ఉచితం: వర్తకుడు లాభాన్ని కోరాడా అని కాదు, ఆర్జించిన లాభాన్ని దేనికి వినియోగించాడు, తన తరువాత ఆ వినియోగం కొనసాగడానికి ఏ ఏర్పాటు చేశాడు అని. మొదటి ప్రశ్నకు పంతులు జీవితం ఉజ్జ్వలమైన సమాధానం. రెండవది నేటి దాతల ముందూ, సంస్థల ముందూ నిలిచే ఉన్నది.