ఆజ్ఞ రాజుది, పాపం ఎవరిది?

1938 ఏప్రిల్ 10న ఆస్ట్రియాలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. నెల కిందటే హిట్లర్ సైన్యం దేశంలోకి వచ్చేసింది కాబట్టి, జర్మనీలో కలవడం ఇష్టమేనా అని అడగడం ఒట్టి లాంఛనం. బవేరియా సరిహద్దును ఆనుకుని సాంక్ట్ రాడెగుండ్ అనే పల్లె ఉంది. హిట్లర్ పుట్టిన బ్రౌనవ్ కూడా ఆ ప్రాంతంలోనిదే. ఆ పల్లెలో ఒకే ఒక్క రైతు వద్దని ఓటేశాడు. ఊరికి ఎక్కడ ముప్పు వస్తుందోనని స్థానిక అధికారులు ఆ ఓటును మింగేసి, నూటికి నూరు శాతం అనుకూలమని రాసి పంపారు.

ఆ రైతు ఫ్రాంజ్ యేగర్‌స్టెటర్. 1907లో, పెళ్లికాని ఒక పనిమనిషి కడుపున పుట్టాడు. పుట్టుభక్తుడేమీ కాదు. ఊళ్లోకి మొదటి మోటార్‌సైకిల్ తెచ్చింది అతనే. పెళ్లికి ముందే ఒక బిడ్డకు తండ్రయ్యాడు కూడా. 1936లో ఫ్రాన్జిస్కాను చేసుకున్నాడు. కొత్త దంపతులు రోము వెళ్లొచ్చారు. ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు. భార్య సాహచర్యంలోనే అతనికి ప్రార్థన, బైబిలు పఠనం ఒంటబట్టాయి. తర్వాత ఊరి చర్చి పనులు చూసే బాధ్యత కూడా తీసుకున్నాడు.

1940లో సైన్యంలోకి పిలిచారు. శిక్షణ అయ్యాక, పొలం చూసుకోవాలంటూ 1941లో ఇంటికి పంపారు. ఆలోపే మానసిక రోగులను ప్రభుత్వమే చంపిస్తోందన్న సంగతి అతని చెవిన పడింది. మళ్లీ పిలిస్తే వెళ్లకూడదని తీర్మానించుకున్నాడు. రాజకీయం నచ్చలేదనో, చావంటే భయమనో కాదు. ఇది అన్యాయమైన యుద్ధమని తెలిసీ తుపాకి పడితే అది పాపమని, దానికి దేవుడి ముందు తానే జవాబు చెప్పుకోవాలని అతని నమ్మకం.

మన కథోలిక పిల్లలకు సత్యోపదేశం తరగతిలో చెప్పేదే ఇది. చావైన పాపం కావాలంటే విషయం పెద్దదై ఉండాలి, తెలిసి చేయాలి, మనసారా ఒప్పుకుని చేయాలి. యుద్ధం తప్పని తెలియని పక్కింటి రైతుకు అదే పని అంత పాపం కాకపోవచ్చు. ఫ్రాంజ్‌కు తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అయినా తొందరపడలేదు. గురువులను అడిగాడు. పెళ్లాం బిడ్డల సంగతి చూడమన్నారు చాలామంది. చివరికి లింజ్ వెళ్లి పీఠాధిపతి జోసెఫ్ ఫ్లీసర్‌ను కలిశాడు. పాలకులు చేసే పనులకు మామూలు మనిషి ఎంతవరకు బాధ్యుడో వివరించి, కుటుంబం పట్ల అతని బాధ్యతను ఆయన గుర్తుచేశారు. ఫ్రాంజ్ ఒప్పుకోలేదు. తనను గూఢచారి అనుకుని ఆయన మనసు విప్పలేదేమోనని బయటికొచ్చాక అనుకున్నాడు. ఆ రోజుల్లో ఆ అనుమానం అసహజం కాదు.

ఫ్లీసర్‌ను పిరికివాడని తేల్చేయడం తేలిక. కానీ ఆయన చెప్పింది సొంత కల్పన కాదు. దాని వెనక పదిహేను వందల ఏళ్ల వాదం ఉంది. దుష్టుడైన రాజు కింద పనిచేసే సైనికుడు ఆజ్ఞ పాటించినా నిర్దోషిగానే ఉండవచ్చునని, ఆ ఆజ్ఞ అన్యాయమైతే దోషం రాజుకే చుట్టుకుంటుందని పునీత అగస్టీను రాశాడు. యూరపులో ఎన్ని సైన్యాలు ఈ మాట నీడన నిశ్చింతగా నిద్రపోయాయో!

అదే సంప్రదాయంలో రెండో దారి కూడా ఉంది. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఇంకో మెట్టు ఎక్కాడు. మనస్సాక్షి పొరబడినా సరే, దాన్ని కాదని చేస్తే పాపమేనన్నాడు. అలాగని మనసుకు తోచిందల్లా ధర్మమైపోదు. తెలుసుకోవలసింది తెలుసుకోకుండా బద్ధకించి పొరబడితే, ఆ పొరపాటు సాకుగా చెల్లదని కూడా ఆయనే హెచ్చరించాడు. 16వ శతాబ్దంలో స్పెయిన్ పండితుడు ఫ్రాన్సిస్కో దె విటోరియా నేరుగా యుద్ధం విషయమే ఎత్తుకున్నాడు. యుద్ధం అన్యాయమని నిశ్చయంగా తెలిసినవాడు రాజు ఆజ్ఞాపించినా పోరాడకూడదన్నాడు. అనుమానం మాత్రమే ఉంటే వెళ్లవచ్చని మినహాయింపు ఇచ్చాడు. ఆ మినహాయింపు కూడా ఫ్రాంజ్‌కు పనికిరాలేదు, అతనికి అనుమానం లేదు.

1943 మార్చి 1న ఎన్స్ పట్టణంలోని సైనిక శిబిరానికి వెళ్లి, పోరాడనని చెప్పేశాడు. క్షతగాత్రులకు సేవ చేయమంటే చేస్తానన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. లింజ్ జైలు నుంచి మే నెలలో బెర్లిన్‌కు తరలించారు. జూలై 6న సైనిక న్యాయస్థానం మరణశిక్ష వేసింది. ఫ్రాన్జిస్కా ఊరి గురువును వెంటబెట్టుకుని బెర్లిన్ వెళ్లింది. భర్తను కలవడం అదే ఆఖరు. మొదట్లో ఆమె కూడా వద్దని బతిమాలినదే. అందరూ వాదించేవాళ్లే తప్ప అతని పక్కన నిలబడేవాళ్లు లేరని గ్రహించాక, వాదించడం మానేసింది. ఆగస్టు 9న బ్రాండెన్‌బర్గ్‌లో అతని తల నరికారు. వయసు 36.

యుద్ధం ముగిసినా అతని పేరు ఇబ్బందిగానే ఉండిపోయింది. 1946లో అతనిపై రాసిన వ్యాసాన్ని మేత్రాసన పత్రికలో వేయడానికి ఫ్లీసర్ ఒప్పుకోలేదు. కర్తవ్యం అనుకుని యుద్ధంలో ప్రాణాలిచ్చిన యువకులే అంతకన్నా గొప్ప వీరులని ఆయన అభిప్రాయం. ఈ ఒక్కచోట మాత్రం ఆయన్ను సమర్థించలేను. 1943లో భయం ఉంది, 1946లో ఏముంది?

అతన్ని లోకం ముందుకు తెచ్చింది అమెరికన్ సామాజికశాస్త్రవేత్త గోర్డన్ జాన్. మనస్సాక్షి పేరుతో ఆ యుద్ధానికే వెళ్లనన్న మనిషి ఆయన. 1964లో ఫ్రాంజ్ మీద ఆయన పుస్తకం వచ్చింది. రెండో వాటికన్ మహాసభలో ఫ్రాంజ్ ఉదంతాన్ని ప్రస్తావించింది థామస్ రాబర్ట్స్. అంతకుముందు బొంబాయి అగ్రపీఠాధిపతిగా పనిచేసినవారే. మనస్సాక్షి కారణంగా ఆయుధం పట్టనివారి విషయంలో చట్టాలు మానవత్వం చూపాలని 1965 డిసెంబరులో ఆ సభ ప్రకటించింది.

బెర్లిన్ కోర్టు 1997లో శిక్షను రద్దు చేసింది. 2007 అక్టోబరు 26న లింజ్‌లోనే అతన్ని ధన్యజీవిగా ప్రకటించారు. 94 ఏళ్ల ఫ్రాన్జిస్కా ఆ పూజలో పాల్గొంది. యుద్ధ వితంతువులకిచ్చే పింఛను కోసం ఆమె 1950 దాకా ఆగింది. ఈ గౌరవం కోసం ఇంకో 57 ఏళ్లు ఆగాల్సి వచ్చింది.