పోత సీసమా, రాగి తొడుగా?

వినుకొండ అవతల బండ్లమోటు కొండల్లో హిందుస్థాన్ జింక్ వాళ్ళు సీసం తవ్విన రోజులు పల్నాడు పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. సీసం అంటే మనవైపు బ్యాటరీలు, చేపల వలకు కట్టే గుళ్ళు, పాత ప్రెస్సుల్లో అక్షరాలు. నేనుంటున్న అమెరికాలో సీసం అనగానే తూటా గుర్తొచ్చేవాళ్ళు లెక్కలేనంతమంది. వాళ్ళలో రైఫిల్ పక్కనపెట్టి, రివాల్వర్‌తోనే జింకల్నీ ఎలుగుబంట్లనీ వేటాడే చిన్న వర్గం ఒకటుంది. సీసం కరిగించి అచ్చులో పోసుకున్న తూటా మేలా, సీసం మీద రాగి తొడిగిన ఫ్యాక్టరీ తూటా మేలా అన్నది ఆ వర్గంలో ఎన్నో ఏళ్ళుగా తెగని తగువు. పిడుగురాళ్లలో కూర్చుని చదివేవారికి ఇది పనిలేని పంచాయితీలా అనిపించవచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మనకు వేట దాదాపు నిషిద్ధం, కాన్పూరులో చేసే .32 రివాల్వర్‌కు లైసెన్సు దొరకడమే గగనం. అయినా ఈ తగువులో ఈ దేశం గురించి తెలుసుకోదగ్గది చాలా ఉంది. నా వాదన ముందే చెప్పేస్తాను: పోత సీసం ఇంకా బతికున్నది పాతకాలపు మోజు వల్ల కాదు, రివాల్వర్ ఎన్నటికీ రైఫిల్ కాలేకపోవడం వల్ల.

సీసం మెత్తన. 327 డిగ్రీలకే కరిగిపోతుంది. నల్లమందు రోజుల్లో తూటా నెమ్మదిగా పోయేది కాబట్టి ఆ మెత్తదనంతో ఇబ్బంది రాలేదు. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే పొగలేని మందు కనిపెట్టాక వేగం ఒక్కసారిగా పెరిగింది. ఆ వేగానికి మెత్తటి సీసం గొట్టం లోపలి గాళ్ళకు పూసుకుపోయి గురి చెడగొట్టేది. అంతకు రెండేళ్ళ ముందే స్విట్జర్లాండులో ఎడ్వర్డ్ రూబిన్ రాగి తొడుగు తూటా తయారుచేసి ఉన్నాడు. సైన్యాలన్నీ ఆ దారి పట్టాయి. అయితే ఒళ్ళంతా తొడుగున్న తూటా శరీరంలో సన్నటి బెజ్జం చేసి అవతలికి దూసుకుపోతుంది. అందుకని బ్రిటిష్‌వాళ్ళు మన కలకత్తా పక్కనే ఉన్న డమ్‌డమ్ కర్మాగారంలో ముక్కు దగ్గర తొడుగు తీసేసి, తగలగానే విచ్చుకునే తూటా చేశారు. 1899లో హేగ్ సమావేశం యుద్ధాల్లో దాన్ని నిషేధించింది. వేట దగ్గరికి వచ్చేసరికి నీతి తలకిందులైంది. గాయపడ్డ జంతువు పారిపోయి రోజుల తరబడి విలవిల్లాడకూడదని, అమెరికాలో చాలా రాష్ట్రాలు పెద్ద జంతువుల మీద పూర్తి తొడుగు తూటా వాడనివ్వవు.

రివాల్వర్ కథ వేరేగా నడిచింది, అందులో ముఖ్యుడు ఎల్మర్ కీత్. 1899లో మిస్సోరీలో పుట్టి, ఐడహో కొండల్లో పశువులు మేపుకుంటూ బతికినవాడు. తూటా ఎంత వేగంగా పోతుందన్నదానికంటే ఎంత బరువు, దాని ముక్కు ఎంత చదును అన్నది ముఖ్యమని అతను పట్టుబట్టాడు. 1920ల చివర్లో అతని గీత ప్రకారం లైమన్ కంపెనీ చేసిన అచ్చు ఇప్పటికీ పేరున్నదే. ఆ తూటాకు ముందు చదునైన ముఖం, వెనక పదునైన భుజం, నడుమున తేనెమైనం కలిపిన జిడ్డు నింపే గాడి. 1935లో .357 మాగ్నమ్ అనే రివాల్వర్ తూటా వచ్చినప్పుడు ఫ్యాక్టరీలు మరీ మెత్తటి సీసం వాడాయి. గొట్టాలు సీసం పూతతో నిండిపోయాయి. నింద సీసం మొత్తం మీద పడింది కానీ, తప్పు ఆ మెత్తదనానిది. 1955లో స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కంపెనీలు కలిసి .44 మాగ్నమ్ తెచ్చాయి. దాని వెనక కీత్ పోరు చాలా ఉంది. ఆ తుపాకీతో 600 గజాల దూరంలో గాయపడ్డ జింకను కొట్టానని అతను రాసుకున్నాడు. నమ్మినవాళ్ళున్నారు, నవ్వినవాళ్ళూ ఉన్నారు. నేను రెండో వరసలో నిలబడతాను, కానీ తూటా విషయంలో మాత్రం అతని మాటే సరైనది.

ఎందుకంటే లెక్క చూడండి. .44 మాగ్నమ్ తూటా మామూలు బరువు 240 గ్రెయిన్లు, అంటే పదిహేనున్నర గ్రాములు, మన లెక్కలో తులానికి పైమాటే. అది సెకనుకు సుమారు 400 మీటర్లు పోతుంది. 1906 నాటి .30-06 రైఫిల్ తూటా అంతకు రెట్టింపు వేగంతో పోతుంది. వేటకు వాడే తొడుగు తూటా విచ్చుకోవాలంటే వేగం కావాలి, రివాల్వర్ దగ్గర లేనిదే అది. ఉన్న కాస్త వేగాన్నీ విచ్చుకోవడానికే ఖర్చుచేస్తే లోపలికి దిగే బలం తగ్గుతుంది. పలచటి పక్కటెముకలున్న జింక మీద ఆ నష్టం పట్టించుకోనక్కర్లేదు, బోలు ముక్కు తొడుగు తూటా అక్కడ చక్కగా పనిచేస్తుంది. 300 కిలోల ఎల్క్ అనే పెద్ద జింక భుజం ఎముక మీదో, ఎలుగుబంటి మీదో ఆ తూటా సగంలో ఆగిపోవచ్చు. గట్టి పోత తూటా మాత్రం ఆకారం మారకుండా ఈ పక్క నుంచి ఆ పక్కకు పోతుంది. 1960ల్లో లీ జర్రాస్ సూపర్ వెల్ కంపెనీ తేలిక తొడుగు తూటాలతో వేగం మోజు రేపింది. 1971లో 'డర్టీ హ్యారీ' సినిమా .44ను ఇంటింటా తెలిసిన పేరు చేసింది. అయినా 1980ల్లో వ్యోమింగులో జాన్ లైన్‌బా లాంటివాళ్ళు ఇంకా పెద్ద రివాల్వర్లు చేసినప్పుడు, వాటిలో పెట్టింది మళ్ళీ బరువైన పోత సీసాన్నే.

ఇప్పటి తొడుగు తూటాల్లో సీసాన్ని రాగికి అతికించేస్తున్నారు, అవి లోతుగానే దిగుతాయి కదా అని అడగవచ్చు. నిజమే, తేడా చాలా తగ్గింది. 2003లో వచ్చిన .500 స్మిత్ అండ్ వెసన్ లాంటి రాక్షస రివాల్వర్లలో ఇంకా తగ్గింది. పోత తూటాకూ లోపాలున్నాయి: మరీ గట్టిపడితే ఎముక మీద పగిలిపోతుంది, అవతలికి దూసుకుపోతే వెనక ఏముందో వేటగాడే చూసుకోవాలి. ఇదంతా చవక కోసం చేసే పనే అన్న మాట మాత్రం ఒప్పుకోను. పత్రికలు ఆఫ్‌సెట్‌కు మారినప్పుడు మూలపడ్డ లైనోటైపు లోహాన్ని ఇక్కడి వేటగాళ్ళు ఎగబడి కొన్నది ధర చూసి మాత్రమే కాదు. అందులో 84 పాళ్ళు సీసం, 12 పాళ్ళు ఆంటిమొనీ, 4 పాళ్ళు తగరం. గట్టిదనం ముఖ్యంగా ఆ ఆంటిమొనీది. వార్తలు అచ్చేసిన లోహం టైరు షాపుల్లో దొరికే సీసపు ముక్కలతో కలిసి ఇనుప కుండలో కరిగి, రెండు పలకల అచ్చులోంచి తూటాగా ఊడిపడేది.

అసలు రివాల్వర్‌తో వేట ఏమిటి, పాపం కాదా అనేవారికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక చరిత్ర మాత్రం చెప్పగలను. 1900 ప్రాంతానికి ఈ దేశంలో తెల్లతోక జింకలు దాదాపు 5 లక్షలకు పడిపోయాయి. ఇప్పుడు 3 కోట్లకు అటూ ఇటూ ఉన్నాయని అంచనా. వేటకు కట్టుదిట్టమైన నియమాలు పెట్టారు. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకుల మీద, తూటాల మీద వచ్చే పన్నును వన్యప్రాణులకే ఖర్చుపెట్టించింది. పొలం గట్టున కరెంటు తీగ పెట్టి అడవిపందిని చంపబోతే పశువులూ మనుషులూ పోయే మన పరిస్థితితో పోల్చి చూసుకోండి.

సీసం విషమన్న అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. 1982 నాటికి కాలిఫోర్నియా కాండోర్ అనే పెద్ద రాబందులు 22 మాత్రమే మిగిలాయి. వేటగాళ్ళు వదిలేసిన పేగుల్లోని సీసపు ముక్కలు తిని చచ్చిపోవడం వాటికి పెద్ద గండం. 2008లో నార్త్ డకోటాలో పేదలకు దానమిచ్చిన జింక మాంసంలో సీసం కనిపిస్తే పారేయమన్నారు. ముక్కలు రాల్చేది ముఖ్యంగా రైఫిల్ వేగమని, నెమ్మదిగా పోయే పోత తూటా అంత చెదరదని దాని పక్షంవాళ్ళు అంటారు. అందులో నిజముంది, కానీ తక్కువ రాలడం వేరు, అసలు రాలకపోవడం వేరు. కాలిఫోర్నియా శాసనసభ ఆ తేడాను పట్టించుకోలేదు. 2013లో చట్టం చేసి, 2019 జులై 1 నుంచి అక్కడ ఏ వేటలోనూ సీసం ఉన్న తూటా వాడకూడదంది. పోత సీసమూ, సీసం మీది రాగి తొడుగూ రెండూ ఆ రాష్ట్రంలో వేటకు ఇప్పుడు చట్టవిరుద్ధమే. అక్కడ వేటగాడు కొనుక్కోవలసింది అచ్చంగా రాగితో చేసినలాంటి, సీసం లేని తూటా.