సిరా పూసిన పుటలు

1945 సెప్టెంబరు. జపాన్ లొంగిపోయి నెల దాటింది. కొత్త పాఠ్యపుస్తకాలు ఇంకా రాలేదు. బడుల్లో ఉపాధ్యాయులు పేజీ, వరుస చెబుతుంటే పిల్లలు కుంచెను నల్లసిరాలో ముంచి, యుద్ధాన్ని పొగిడిన వాక్యాల మీద పూశారు. పుటను వెలుతురుకు పట్టి చూసి, అక్షరం ఇంకా కనబడితే మళ్లీ పూశారు. నిన్నటిదాకా వల్లె వేయించిన పాఠాన్ని అదే మాస్టారు దగ్గరుండి చెరిపించారు. ఆ చెరిపిన చోట ఏం రాయాలన్నది తర్వాత అర్ధశతాబ్దం నలిగింది.

చరిత్రకారుడు సబురో ఇయెనగా యుద్ధకాలంలో ఉపాధ్యాయుడు. తన విద్యార్థులు యుద్ధానికి పోతుంటే నోరు మెదపలేకపోయానన్న పశ్చాత్తాపం ఆయనను చివరిదాకా వదల్లేదు. ఆయన రాసిన హైస్కూలు చరిత్ర పుస్తకాన్ని విద్యామంత్రిత్వశాఖ 1963లో తిరస్కరించింది. యుద్ధాన్ని మరీ చీకటిగా చూపుతోందని, ‘అనాలోచిత యుద్ధం’ వంటి మాటలు కూడదని అభ్యంతరం. మరుసటి ఏడు సుమారు 300 సవరణల షరతు మీద అనుమతి ఇచ్చింది. 1965 జూన్‌లో ఇయెనగా ఈ సర్కారు తనిఖీని సవాలు చేస్తూ కోర్టుకెక్కారు. అప్పటికి ఆయన వయసు 51. 1967లో రెండో దావా, 1984లో మూడోది. 1970లో టోక్యో జిల్లా కోర్టు రెండో దావాలో ఆయన పక్షాన తీర్పిచ్చి, చదువుకునే హక్కు పిల్లలదేనని గుర్తించింది. ఆ గెలుపు చివరికి నిలవలేదు.

మూడో దావాలోని ఒక అంశం దగ్గర కాస్త ఆగాలి. చైనాలోని హార్బిన్ పొలిమేరలో, పింగ్‌ఫాంగ్‌లో జపాన్ సైన్యపు 731వ దళం ఖైదీలపై ప్లేగు క్రిములు ప్రయోగించింది, చలిలో వాళ్ల చేతులు గడ్డకట్టించి పరీక్షించింది, బతికుండగానే కోసి చూసింది. ఆ ఖైదీలను దళంలో ‘మరుతా’ అనేవారు. జపనీస్‌లో దుంగలని అర్థం. ఓటమి ఖాయమయ్యాక భవనాల్ని పేల్చేశారు. దళాధిపతి షిరో ఇషీ, ప్రయోగ వివరాలకు ప్రతిగా అమెరికన్ల దగ్గర శిక్ష నుంచి మినహాయింపు పొందాడు. 1949లో ఖబరోవ్‌స్క్‌లో సోవియట్ కోర్టు క్రిమియుద్ధ నేరాలకు 12 మంది జపాన్ సైనికులను విచారించింది. ఇంత రికార్డు ఉండగా, 1983లో మంత్రిత్వశాఖ అడ్డుచెప్పింది: నమ్మదగిన పరిశోధన ఇంకా లేదు, పాఠంలో చేర్చడం తొందరపాటు అని. పుస్తకంలో ఆ సంగతి కొన్ని వాక్యాలే. అవి కూడా ఉండకూడదన్నారు.

పిల్లలకు మనవాళ్లు పడ్డ బాధ చెప్పడం ఏ దేశంలోనైనా తేలికే. మనవాళ్లు పెట్టిన బాధ చెప్పాల్సి వచ్చినప్పుడే టీచరు గొంతు తడబడుతుంది. ఇయెనగా పోరాటపు విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది: ఆ తడబాటును తన దేశం మీదే, తన సొంత అపరాధం దగ్గర మొదలుపెట్టి ఎదుర్కొన్నారు. శత్రువు నేరాల్ని ఎత్తిచూపి దాన్ని దాటవేయలేదు.

1997 ఆగస్టు 29న సుప్రీంకోర్టు చివరి తీర్పు చెప్పింది. పుస్తకాలను సర్కారు తనిఖీ చేయడం రాజ్యాంగబద్ధమేనంది. అయితే 731వ దళం ప్రస్తావనను తొలగించమనడం చట్టవిరుద్ధమని నిర్ణయించింది. చైనాలో జపాన్ సైన్యం జరిపిన నాన్‌జింగ్ ఊచకోత, సైనికుల అత్యాచారాల గురించి హైకోర్టు అప్పటికే ఇయెనగా పక్షాన చెప్పింది. మొత్తం పరిహారం 4 లక్షల యెన్లు. 32 ఏళ్ల తర్వాత, 83వ ఏట వచ్చిన తీర్పు అది. ఆయన 2002లో కన్నుమూశారు.

తనిఖీ మాత్రం ఆగలేదు. 2007లో, ఒకినావా యుద్ధంలో పౌరుల సామూహిక ఆత్మహత్యలకు సైన్యం బలవంతమే కారణమన్న వాక్యాలను హైస్కూలు పుస్తకాల్లోంచి తీయించారు. ఆ సెప్టెంబరు 29న గినోవాన్‌లో నిరసన సభ జరిగింది. నిర్వాహకుల లెక్కలో 1,10,000 మంది వచ్చారు. డిసెంబరులో మంత్రిత్వశాఖ కొంత వెనక్కి తగ్గి, సైన్యం ప్రమేయం ఉందని రాయనిచ్చింది. నేరుగా ‘బలవంతం చేసింది’ అని మాత్రం రాయనివ్వలేదు.